కొత్త చేతి కింద

హౌరా అవతల లిలువా నుంచి మేనకోడలు ఫోన్ చేసి, "మావయ్యా, నాన్న లెగనేదు" అంది. అంతే అంది. నేను ఇక్కడ వాట్‌గంజ్‌లో, సగం గీసిన గడ్డంతో ఫోన్ పట్టుకుని, సరిగ్గా లేపి చూడమని దాన్ని కసిరాను. ఎనభై దాటిన మనిషి తెల్లారి లేవలేదంటే దాని అర్థమేమిటో తెలియని వయసు కాదు నాది. అయినా ముందు కోపమే వచ్చింది. ఆదివారం వస్తానన్నాను కదా, ఆదివారం దాకా ఆగితే ఏం పోయేది? ఆ పిల్ల మళ్ళీ అదే మాట అంది. అప్పుడు ఫోన్ పెట్టేసి, ఆ సగం గడ్డంతోనే హౌరా బస్సెక్కాను.

బావ అంటే మా అప్ప మొగుడు. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. నేను ఆయన్ని బావా అని పిలవడం విని మా ఓడరేవు డాక్‌లో బెంగాలీవాళ్ళు దానికి అర్థం అడిగి తెలుసుకుని, వాళ్ళ భాషలో జామాయ్‌బాబు చేసేశారు. బిహారీలు, ఒడియావాళ్ళు కూడా అదే పట్టుకున్నారు. అలా ఆయన మొత్తం ఖిదిర్‌పూర్ డాక్‌కి అక్క మొగుడైపోయాడు. ఆయన దానికేమీ అనేవాడు కాదు. ఇంతమంది బావమరుదులుంటే పండక్కి ఎవరింటికి వెళ్ళాలో తెలీదని మాత్రం అప్పతో అనేవాడు.

ఆయన చేసిన పని ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. అప్పట్లో సరుకు ఇప్పట్లా కంటైనర్ పెట్టెల్లో వచ్చేది కాదు. బస్తాలు, బేళ్ళు తాళ్ళతో కట్టి, ఓడ మీద వించి అనే ఎత్తుడు యంత్రంతో ఎత్తి, ఓడ కడుపులోకి దించేవారు. వించి నడిపేవాడికి ఆ కడుపులో ఏముందో కనబడదు. కింద సరుకు సర్దే కూలీలు వాడికి కనబడరు. వాడికి కనబడేది ఒక్కటే, డెక్ మీద ఆ కడుపులోకి తెరిచిన గోతి అంచున నిలబడ్డ మనిషి చెయ్యి. చూపుడు వేలు పైకెత్తి తిప్పితే ఎత్తాలి. అరచెయ్యి కిందికి ఆడిస్తే దించాలి. పిడికిలి బిగిస్తే ఆపాలి. నోటితో చెప్పడానికి హబీస్ అంటే ఎత్తు, ఆరియా అంటే దించు అని పాత ఓడల మాటలు ఉండేవి గానీ, వించి మోతలో నోటిని నమ్మేవాడు లేడు. చెయ్యే దిక్కు. బావ ఆ చెయ్యి మనిషి.

నేను ఊరినుంచి వచ్చి ఆయన గ్యాంగులోనే బస్తాలు మోసేవాణ్ణి. ఎర్రజెండాలు, ఊరేగింపులు, బంద్‌లు, వీటన్నిటి మధ్య పని ఎలా నడిచేదో గానీ నడిచేది. ఎండలో వీపు చీరుకుపోతుంటే గోతి అంచున బావ చెయ్యొకటి ఆడిస్తూ నిలబడేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఆ ఆడించేదేదో నాకూ నేర్పమని ఓ రోజు అడిగాను. నేర్పడానికేముంది, చూడు అన్నాడు. చూశాను. వారం తిరక్కుండా నాకు అంతా వచ్చేసిందని చెప్పాను. ఆయన నవ్వలేదు కూడా. వెళ్ళి చాచా పక్కన కూర్చోమన్నాడు.

చాచా అంటే మా వించి డ్రైవరు, ఖిదిర్‌పూర్ ముసలాయన. నా భోజనం వంతు వదులుకుని ఆయన పక్కన కూర్చుని చూస్తే బావ చెయ్యి నేను అనుకున్నట్టు లేదు. వెనక ఆకాశం తెల్లగా ఉంటే వేళ్ళు కలిసిపోయి కనబడుతున్నాయి. వచ్చి అదే చెప్పాను. అందుకేనా చెయ్యి ఛాతీ ముందు పెట్టుకుంటావని అడిగాను. "ఇప్పుడు అడిగినావు" అన్నాడు. తర్వాత ఓడ కడుపులోకి పంపాడు, అక్కణ్ణించి ఏం కనబడుతుందో చూడమని. తర్వాత తాళ్ళు కట్టేవాళ్ళ దగ్గరికి. ప్రతిసారీ తిరిగొచ్చి ఒక ప్రశ్న అడగాలి. దానికి ఆయన జవాబు చెప్పడు. "నువ్వేటి సూసినావు?" అని తిరిగి నన్నే అడుగుతాడు. నేను చూసింది మొత్తం చెప్పేసరికి సగంసార్లు జవాబు నా నోట్లోంచే వచ్చేసేది. రానిదానికి మళ్ళీ వెళ్ళి చూసి రమ్మనేవాడు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, మా బావ అడిగినా పెట్టడని అప్పతో మొరపెట్టుకునేవాణ్ణి.

ఒక్క షరతు ఉండేది. "లోడు నేల మీదుంటే ఏదైనా అడుగు. గాల్లో ఉంటే నోరు ముయ్యి." ఒకసారి గాల్లో ఉండగా ఏదో అడిగాను. ఆయన నావైపు తిరగలేదు, లోడు దిగాక కూడా మాట్లాడలేదు. ఆ సాయంత్రం ఇంట్లో నాకు చాయ్ ఇవ్వొద్దని అప్పతో చెప్పాడు. అప్ప ఇచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

ఇలా ఉండగా ఒక ప్రమాదం జరిగింది. పక్క గ్యాంగులో సిగ్నల్ చూసేవాడు కూడా తెలుగువాడే, మా చర్చివాడే. లోడు దించుతూ మధ్యలో పిడికిలి బిగించి ఆపాడు. సరిగ్గా అప్పుడు మా చర్చి సంఘపెద్ద, డాక్‌లోనే సరుకు లెక్క చూసే గుమాస్తా, డెక్ మీదికి వచ్చాడు. మనవాళ్ళకి పెద్దవాళ్ళు ఎదురైతే చెయ్యి ఊరుకుంటుందా? పుట్టినప్పటినుంచీ అలవాటు. వాడు రెండు చేతులూ జోడించి "వందనాలయ్యా" అన్నాడు. పిడికిలి విడిపోయింది. ఆపమన్న చెయ్యి లేకపోయేసరికి వించివాడు దించడం మొదలుపెట్టాడు. కింద చాప్రా నుంచి వచ్చిన బిహారీ కూలీ ఒకడి పాదం బస్తాల కింద నలిగిపోయింది.

దణ్ణం పెట్టినవాడు ఊరెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆ పాపం మాత్రం మా అందరికీ చుట్టుకుంది. తెలుగువాళ్ళ చెయ్యి నమ్మొద్దు, పెద్దమనిషి కనిపిస్తే లోడుని వదిలేసి మొక్కుతుందని డాక్ అంతా అనేసుకున్నారు. బావ పాతవాడు కాబట్టి ఆయన్ని ఏమీ అనలేదు. నాకు మాత్రం ఇక ఆ అంచున నిలబడే రాత లేదని తేలిపోయింది. సరిగ్గా ఆ వానాకాలమే నా నడుం పోయింది. ఇక బస్తా ఎత్తితే మంచం మీదే ఉంటావని డాక్టరు చెప్పాడు. బస్తా ఎత్తలేనివాడికి డాక్‌లో ఏం పని? పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని ఊరెళ్ళి ఏం తినాలి? అదే సమయానికి బావ కుడిభుజం పట్టేసి చెయ్యి చెవి దాకా కూడా లేవడం మానేసింది. "నా బుజం, నీ నడుం కలిపినా ఒక మనిషి కూడా అవ్వడు" అన్నాడాయన. నవ్వొచ్చే స్థితిలో లేను, అయినా నవ్వాను.

తన పని నాకిప్పించాలని ఆయన అప్పుడు నన్ను పంపిన చోటు నేను మర్చిపోలేను. పాదం పోయిన ఆ చాప్రా మనిషి మా వీధి మలుపులోనే పాన్ బడ్డీ పెట్టుకున్నాడు. వెళ్ళి, ఆ రోజు నువ్వేం చూశావని అడగమన్నాడు బావ. ఏ మొహం పెట్టుకుని అడగను? కాలు తీసింది మావాడే కదా. ఎవడికి తగిలిందో వాడికే బాగా తెలుస్తుంది, అడగనివాడు ఆ అంచున నిలబడకూడదు అన్నాడు బావ.

రెండు రోజులు ఆ బడ్డీ ముందునుంచి అటూ ఇటూ తిరిగాను. మూడో రోజు అతనే పిలిచాడు, ఏం భాయ్, సున్నం కావాలా, ప్రాణం కావాలా అని. అడిగేశాను. అతను చేతిలోని తమలపాకులు తుడిచి దొంతి పెట్టాడు. తర్వాత హిందీలో చెప్పాడు, తను ఆ రోజు పైకి చూడలేదని. పైనున్నవాడి మీద నమ్మకం ఉండేదట, నమ్మకం ఉన్నవాడు తలెత్తి ఎందుకు చూస్తాడని నన్నే అడిగాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పాన్ కట్టి ఇచ్చాడు, నేను నమలలేకపోయాను.

ఆ రోజునుంచి ఇంట్లో సాధన మొదలైంది. నేను గది మధ్యలో పిడికిలి బిగించి నిలబడాలి. ఎవరొచ్చినా, ఏమన్నా అది విడిపోకూడదు. బావ చర్చినుంచి ఒక్కొక్క పెద్దాయన్నీ చాయ్‌కని పిలిచేవాడు. పాపం వాళ్ళకేం తెలుసు, గుమ్మంలోకి రాగానే వందనాలు అనేవారు. నేను గుడ్లప్పగించి, పిడికిలి చూపిస్తూ నిలబడేవాణ్ణి. ఓసారి బావ మేనత్త లిలువా నుంచి వచ్చింది. కొట్టడానికి చెయ్యెత్తాననుకుని ముసల్ది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత చచ్చేదాకా నన్ను పొగరుబోతు అనే పిలిచింది. బావ ఒక్కరోజు కూడా ఆవిడకి అసలు సంగతి చెప్పలేదు. చెబితే సాధన అని తెలిసిపోయి ముందే నవ్వేస్తారట.

నా సంగతి గ్యాంగు ముందు పెట్టే రోజు వచ్చింది. మా గ్యాంగుని నడిపే సర్దార్ ఒడియా పెద్దమనిషి, మంచివాడే. కానీ కూలీలు ఒప్పుకోవాలి కదా. మా డాక్‌లో ఒక పద్ధతి ఉండేది. కొత్త చెయ్యి కింద ఎవడూ ముందుగా దిగడు. ఆ కొత్తవాడికి ఎవడు పూచీ పడతాడో వాడే మొదటి లోడుకి ఓడ కడుపులో ఒంటరిగా నిలబడాలి. లోడు క్షేమంగా దిగితే మిగతావాళ్ళు దిగుతారు. లేకపోతే, లేదు. ఇతనికి ఎవరు పూచీ అని సర్దార్ అడిగాడు. చాయ్ దుకాణంలో అంతా తలలు దించుకుని గ్లాసులు చూసుకున్నారు. నేను బావ వైపు చూడలేదు. ఆయన పూచీ పడాలని నేను అనుకోలేదంటే అబద్ధం, పడకూడదనీ అంతే అనుకున్నాను. "నాను దిగుతాను" అన్నాడు ఆయన.

అప్పకి ఎవరు చెప్పారో తెలీదు. సాయంత్రం చేపలు కడుగుతున్నదల్లా లేచి, చేతులైనా తుడుచుకోకుండా నా దగ్గరికొచ్చింది.

"తమ్ముడూ, ఈ ఊళ్ళో నాకున్న మొగోళ్ళు మీరిద్దరే. ఒకడు మీద, ఒకడు కింద. ఏటన్నా అయితే నాకు ఇద్దరూ పోయినట్టే. నా మొకం సూసి మానుకో."

నడుం సంగతి చెప్పాను. ఊరెళ్తే గతేమిటో చెప్పాను. నాకు తెల్దనుకున్నావా అంది. అప్పుడు బావ లోపలికొచ్చాడు. ఆవిడ అదే మాట ఆయనతోనూ అంది. ఆయన ఆవిడకి సర్దిచెప్పలేదు, ధైర్యం చెప్పలేదు. మొదటి లోడుకి ఏం కడుతున్నారని నన్ను అడిగాడు. గోనె బేళ్ళన్నాను. తాళ్ళు ఎవరు కడతారో వెళ్ళి కనుక్కోమన్నాడు. అప్ప ఆ రాత్రి మా ఇద్దరికీ వడ్డించి, తను తినకుండా పడుకుంది.

మర్నాడు పొద్దున్నే వాన వెలిసింది. డెక్ తడితడిగా ఉంది. బావ లుంగీ ఎగ్గట్టి, పనిచేసే ఎడంచెయ్యితోనే ఇనప నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. కుడిచెయ్యి ఛాతీకి ఆనించుకున్నాడు. చాలా ఏళ్ళయింది ఆయన కిందికి దిగి. గ్యాంగంతా పైన గోతి చుట్టూ నిలబడింది. సంఘపెద్ద కూడా ఉన్నాడు, చేతిలో లెక్కల పలకతో. ఆయన నన్ను చూడగానే తల పక్కకి తిప్పుకుని, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. ఆయన అంతకుముందు ఎన్ని ప్రార్థనలు చేశాడో నాకు గుర్తులేదు గానీ, ఆ చేతులు దాచుకోవడం గుర్తుంది.

వేలు తిప్పాను. చాచా ఎత్తాడు. బేళ్ళు లేచాయి, గోతి మీదికి వచ్చాయి. అరచెయ్యి ఆడించాను. దిగుతున్నాయి. చెయ్యి బాగానే ఉంది. ఇంతలో పక్కనుంచి ఓడల్ని లాగే టగ్గు పడవ ఒకటి పోయింది. దాని అలకి ఓడ కొద్దిగా ఒరిగింది. బేళ్ళు ఊగి, ఒక మూల గోతి అంచుకి కొట్టుకుంది. పైనున్న బేలు తాడులోంచి సగం జారి బయటికి వేలాడింది.

పిడికిలి బిగించాను. వించి ఆగింది.

అంతా ఒక్కసారి అరిచారు. హబీస్, ఎత్తెయ్, ఎత్తెయ్ అని కొందరు. ఆరియా, తొందరగా దించెయ్ అని కొందరు. ఎత్తితే ఆ జారిన బేలు అంచుకి రాసుకుని ఊడిపోతుంది. ఇప్పుడే దించితే ఊపులో పోయి బావ మీద పడుతుంది. ఇవి నాకు అప్పుడు తెలుసునా అంటే తెలుసు, ఎన్నిసార్లు చూశానో. కానీ తెలిసినదాని మీద అప్పుడు నిలబడటం ఎలాగో తెలీలేదు. బావని అడగాలనిపించింది. నా జన్మలో ఏ ప్రశ్నా అంతగా గొంతులోకి రాలేదు. లోడు గాల్లో ఉంది.

ఆయన కావాలంటే పక్కకి పరిగెత్తొచ్చు. పక్కన డెక్ కింద నీడలోకి పోతే ఏమీ కాదు. ఆయన కదల్లేదు. కిందివాడు పరిగెడితే పైవాడికి వాడు ఎక్కడున్నాడో తెలియకుండా పోతుంది. పిడికిలి అలాగే ఉంచాను. ఎడంచెయ్యితో కుడి మోచెయ్యి ఆనించి పట్టుకున్నాను. సర్దార్ ఏదో అంటున్నాడు, నా చెవికెక్కలేదు. ఊపు తగ్గేదాకా ఆగాను. ఎంతసేపో నాకు తెలీదు. అక్కడున్నవాళ్ళు తలా ఒకటి చెప్పేవారు తర్వాత. బేళ్ళు కదలకుండా నిలిచాక, వేళ్ళు దగ్గరికి తెచ్చి కొద్దికొద్దిగా అని చూపించాను. చాచా అంగుళం అంగుళంగా దించాడు. జారిన బేలు అంచు దాటింది, వేలాడింది, పడలేదు. నేల తాకింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అలాంటివి సినిమాల్లోనే. చాచా గట్టిగా తుమ్మాడు. తర్వాత గ్యాంగులో ముందున్నవాడు తలగుడ్డ బిగించుకుని నిచ్చెన దిగాడు. వాడి వెనక ఇంకొకడు. ఒక్కొక్కడూ నా ముందునుంచే దిగిపోయాడు, నా మొహం చూడకుండా. నేను రెండో లోడుకి వేలెత్తాను. ఆ తర్వాత ఉద్యోగం ముగిసేదాకా ఆ అంచునే నిలబడ్డాను. నా పిల్లలు తిన్న ప్రతి ముద్దా ఆ పొద్దుటిది.

అన్నాల వేళకి బావ పక్కన కూర్చున్నాను. ఆయన ఎడంచెయ్యితో తినలేక తంటాలు పడుతున్నాడు. నువ్వెందుకు అలా నిలబడ్డావని అడిగాను. పక్కకి పోకపోయినా సరే, నెత్తిమీద అంత బరువు ఊగుతుంటే ఒక్కసారైనా దాన్ని చూడాలి కదా మనిషన్నవాడు. ఎప్పటిలాగే నువ్వేటి సూసినావని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. మొదటిసారి నా ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పాడు.

"లోడుకేటి తెల్సురా."

భయం వెయ్యలేదా అన్నాను. వేసిందన్నాడు. మీ అప్ప గుర్తొచ్చింది అని, మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టాడు.

లిలువా చర్చిలో మొన్న ఆయన జ్ఞాపకార్థ కూడికలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన మంచితనం గురించి, మా అప్ప మంచాన పడ్డాక ఆయన చేసిన సేవ గురించి చెప్పాలని కాగితం మీద రాసుకున్నాను. లేచి నిలబడితే ఒక్కటీ రాలేదు. నా ఎదుట ఆ గొయ్యే ఉంది. పైనుంచి నలుచదరంగా పడ్డ వెలుగు, అందులో తేలుతున్న గోనె దుమ్ము. దాని అడుగున ఒక్క మనిషి, పనికిరాని చెయ్యి ఛాతీకి ఆనించుకుని, తల వెనక్కి వాల్చి, నోరు కాస్త తెరుచుకుని, ఊగుతున్న బరువు పక్కనుంచి రెప్పవెయ్యకుండా నా పిడికిలినే చూస్తున్నాడు.